పోలయ్య స్కానింగు భయం

జువ్వలదిన్నె చిన్నపోలయ్యకు తుఫానంటే లెక్కలేదు, సొరచేపంటే లెక్కలేదు. స్కానింగు మిషనంటే మాత్రం కాళ్ళు వణుకుతాయి. ఆరు నెలలకోసారి నెల్లూరు ఆసుపత్రికి పోవలసిన రోజు వచ్చిందంటే, ఆయన భార్య వనజాక్షికి ఊళ్ళో తలెత్తుకోవడం కష్టమే.

"పొట్టమీద చల్లటి జిగురు పోస్తారే వనజా! నేనొక్కణ్ణే పోలేను. లాజరస్‌ను పిలువు."

లాజరస్ ఆయన పడవలో భాగస్తుడు. ఇద్దరికీ హెపటైటిస్ సి వచ్చింది, ఇద్దరూ మూడు నెలలు మాత్రలు మింగారు, ఇద్దరికీ నయమైంది. అయితే అప్పటికే ఇద్దరి కాలేయాలూ గట్టిపడిపోయాయి. వైరస్ పోయినా అలాంటి కాలేయానికి క్యాన్సర్ ముప్పు పోదని, ఆరు నెలలకోసారి స్కానింగు తప్పదని డాక్టరు చెప్పాడు. చిన్నపోలయ్య తలూపాడు. లాజరస్ మాత్రం "వైరస్ లేదు" అన్న కాగితానికి లామినేషన్ చేయించి పడవలో ఇంజను పక్కన వేలాడదీశాడు.

"పురుగు చచ్చినాక ఇంకేం స్కానింగు? నాకక్కర్లా," అనేవాడు. కానీ పోలన్న అవస్థ చూస్తే లాజరస్‌కు జాలి. వెంట పోయేవాడు.

ఆసుపత్రిలో చిన్నపోలయ్య తలుపు పట్టుకుని వదిలేవాడు కాదు.

"ముందు నువ్వు పడుకోరా. నీకేం కాకపోతే నేను పడుకుంటా."

"ఏం మొనగాడివన్నా నువ్వు!" అంటూ లాజరస్ చొక్కా ఎత్తి బల్లెక్కేవాడు. ఒకసారి పోలయ్య మెట్ల మీదే కూలబడితే జబ్బ పట్టి లాక్కుపోయాడు. ఊరంతా నవ్వింది. వనజాక్షి వారం రోజులు కొళాయి దగ్గరికి పోలేదు.

ఐదోసారి లాజరస్ కాలేయంలో శనగ గింజంత గడ్డ కనబడింది. క్యాన్సరే. చిన్నగా ఉండగానే దొరికింది గనక డాక్టర్లు వేడి సూది గుచ్చి ఆ గడ్డను కాల్చేశారు, గండం గడిచింది.

"నీ పిరికితనం పుణ్యాన బతికినా పోలన్నా," అన్నాడు లాజరస్ మంచం మీంచి.

వరండాలో వనజాక్షి నర్సు ఎలిశబెతు దగ్గర మొత్తుకుంది. "ఇది చూసినాక మా ఆయన ఇంకేం వస్తాడు తల్లీ? అసలే పిరికోడు."

ఎలిశబెతు పకపకా నవ్వింది. "ఎవురు, పోలయ్యన్నా? మాత్రలు వాడేటప్పుడు రెండు తూర్లు ఒంటరిగా వచ్చి స్కానింగు చేయించుకుని పోయినాడక్కా. ఒక తూరి ఆ బల్లమీదే గురకపెట్టినాడు!"

ఇంటికి రాగానే వనజాక్షి మొగుణ్ణి నిలదీసింది.

"లాజరస్‌ను వాడి కోసం రమ్మంటే రాడు. నాకు భయమంటే పరిగెత్తుకొస్తాడు," అన్నాడు చిన్నపోలయ్య వల కుడుతూ. "వాడితో చెప్పబాక."

"రెండున్నరేళ్ళు నన్ను నవ్వులపాలు చేస్తివి గదయ్యా!" అని అరిచింది వనజాక్షి. ఆ క్షణంలో ఆమెకు మొగుడి మీద పట్టరానంత ప్రేమ పుట్టింది. చేతిలో గరిటె ఉండబట్టి బయటపడలేదు.

గడ్డ కాల్చారు గనక ఈసారి మూడు నెలలకే మళ్ళీ స్కానింగు. తెల్లారేసరికి లాజరస్ మోటారుసైకిలు వాకిట్లో ఉంది.

"లే పోలన్నా! నేనుండా గదా, ఎందుకు భయం?"

చిన్నపోలయ్య వెంటనే గుంజ పట్టుకుని వణకడం మొదలుపెట్టాడు. వనజాక్షి మొగుడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఆ చెయ్యి లాజరస్ చేతిలో పెట్టింది.

"గట్టిగా పట్టుకో లాజరసూ, పారిపోతాడు."