నవమి నాడు కోసిన కేకు

మా పాప మొదటి పుట్టినరోజుకు నేను గుంటూరు నుంచి కేకు తెచ్చాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, ఎవరి మోచెయ్యీ తగలకుండా. మా వీధిలో కేకు కొయ్యడం అదే మొదలు. కొవ్వొత్తి ఊదగానే అన్నయ్య లేచాడు.

"దీపం ఆర్పేది కూడా ఒక పండగేనంట్రా? పద," అని వదినను తీసుకుని వెళ్ళిపోయాడు. పాప తలమీద మొదట అక్షింతలు వెయ్యాల్సింది ఇంటికి పెద్దవాడైన అన్నయ్యే. పళ్ళెంలో అక్షింతలు అలాగే ఉండిపోయాయి.

ఏడాదిపాటు ఆ మాట నాలో ఉడుకుతూనే ఉంది. మా ఇళ్ళకు మధ్య గోడ ఒక్కటే. అమ్మ అన్నయ్య దగ్గర ఉండేది. వాళ్ళింట్లో పుట్టినరోజులు తిథి ప్రకారం, మా ఇంట్లో తేదీ ప్రకారం. అన్నయ్య కొడుకు పుట్టింది మాఘ బహుళ నవమి, మా పాప పుట్టింది దశమి. పంచాంగాన్ని ఎప్పుడూ వెక్కిరించే నేను ఆ ఏడు తిథి పట్టుకున్నాను. అదీ ఒకరోజు ముందుకు జరిపి, సరిగ్గా నవమి సాయంత్రానికి పెట్టాను. రెండంతస్తుల కేకు, అద్దెకు తెచ్చిన టేప్‌రికార్డరు, బెలూన్లు. వీధి పిల్లలందరినీ నేనే ఇంటింటికీ వెళ్ళి పిలిచాను.

అమ్మ గోడ దగ్గరికి వచ్చింది. "ఒరేయ్, దశమి రేపురా. ఇవ్వాళ వాడిది."

"సాయంత్రానికి దశమి వచ్చేస్తుందమ్మా."

"నాకా తిథులు చెప్పేది? కన్నది నీ పెళ్ళామైతే, పురుడు పోసింది నేను."

"నువ్వు ఊరుకో," అన్నాను.

మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులు. పిల్లలు తుమ్ముకుంటూనే వచ్చి మా వసారా నింపేశారు. పక్కింట్లో గారెలు, పాయసం, వేసిన చాపలు, మనిషి లేడు. కాసేపటికి అన్నయ్య కొడుకే వచ్చాడు. ఎనిమిదేళ్ళు నిండాయి ఆ రోజుకి. నుదుట బొట్టు, కొత్త చొక్కా కాలరుకి పసుపు.

"బాబాయ్, మా ఇంటికి ఎవరూ రాలేదు. నేనూ ఇక్కడే కూర్చోనా?"

కూర్చోమన్నాను. అన్నయ్య గేటు దగ్గరికి వచ్చి, "ఏరా, ఇంటికి రా," అని పిలిచాడు.

"ఉండు నాన్నా, కేకు కోస్తన్నారు!"

అన్నయ్య ముఖం చూశాను. ఎంత తృప్తిగా ఉందో చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. ఒక ముక్క కోసి, అన్నయ్య చూస్తుండగా వాడి నోట్లో నేనే పెట్టాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వాడే.

మరుసటి ఏడు మాఘం రాగానే వాడు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"బాబాయ్, చెల్లి పుట్టినరోజు ఈసారి ఎప్పుడు చేస్తారు? మేం ఆ రోజు కాకుండా పెట్టుకుంటాం."

వాడి గొంతులో కోపం లేదు, అలక లేదు. తన రోజును నాకు వదిలేసి, మిగిలింది అడుగుతున్నాడు. 'నీ నవమి నీదేరా' అనాలి. అంతే అనాలి. కానీ గోడ అవతల అన్నయ్య దగ్గు వినిపించింది.

"పంచాంగం చూసి చెబుతాలే," అన్నాను.

వాడు సరేనని తల ఊపి వెళ్ళిపోయాడు.