ముత్యాల గర్భం

తిరుత్తణి కాలేజీలో మా బాటనీ మేడం ఉల్లివేరు కొనను గాజుపలక మీద బొటనవేలితో అదిమి, రెండుగా విడిపోతున్న కణాలను మైక్రోస్కోపులో మురిపెంగా చూసేది. పెళ్లయిన చాలా ఏళ్లకు ఆమె నెల తప్పింది. కడుపు నెలలకు మించి పెరిగింది.

"కవలలే మేడం!" అంటూ మేమే గాజులు తొడిగాము.

మద్రాసు డాక్టర్లు ముత్యాల గర్భమన్నారు. లోపల బిడ్డ లేదు, కణాలే ద్రాక్షగుత్తుల్లా పెరిగాయట.

తిరిగొచ్చాక మళ్లీ అదే పాఠం. "కణం విడిపోతేనే గదా మేడం బిడ్డయ్యేది?" అని విషయం తెలియని కొత్తపిల్ల అడిగింది.

"విడిపోతే చాలదమ్మా. యాడ ఆగాలో గూడా దానికి తెలియాల. కడుపులో బిడ్డ వేళ్ల నడుమ కణాలు ఆగి రాలిపోతేనే వేళ్లు విడివడేది."

చదువయి, పెళ్లయి నాకు పాప పుట్టిందని కబురు పంపితే మేడం రాలేదు. "బిడ్డ వేళ్లు విడివిడిగా ఉండాయా, చూసుకోమను" అని మాత్రం చెప్పి పంపింది.

ఉన్నాయి. అయినా రోజూ తడుముతున్నాను.