రీలు మార్చే వదిన

మార్కాపురంలో పలకలు రుద్దే షెడ్డులో నా పక్కన ఒక వదిన కూర్చునేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఊరి బయట డేరా సినిమా ఆడేది. ఆమె సినిమా చూసి వచ్చిన మర్నాడు ఆడవాళ్లందరూ పలకలు పట్టుకుని ఆమె చుట్టూ చేరేవాళ్లు.

డేరాలో బొమ్మ వేసే మిషను ఒకటే. రీలు అయిపోతే బొమ్మ ఆగి లైట్లు వెలిగేవి. వదిన కథ కూడా సరిగ్గా అక్కడే ఆగేది. రాకుమారుడి మెడ మీదికి కత్తి లేచిందనగా, "ఉండండమ్మా, రీలు మారుస్తుండారు," అని చెంబెత్తి నిదానంగా నీళ్లు తాగేది. డేరా ముఖం చూడనివాళ్లకు అదీ కథలో భాగమే. అందరూ ఆ గొంతు వంకే చూస్తూ ఊపిరి బిగబట్టేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకసారి ఆమెకు జ్వరం వచ్చింది. అప్పుడు డేరాలో ఆడుతున్న సినిమాకు నేను వెళ్లాను. తెర ముందరే కూర్చుని ఒక్క ముక్క వదలకుండా చూశాను. మర్నాడు షెడ్డులో కథంతా ఎక్కడా ఆపకుండా గడగడా చెప్పేశాను.

ఒక పెద్దమ్మ పలక కింద పెట్టి అడిగింది: "ఏందమ్మే, రీలే మార్చకపోతివి. అప్పుడే అయిపోయిందా?"

ఇప్పుడు ఊళ్లో హాలు కట్టారు, బొమ్మ ఎక్కడా ఆగదు. అయినా తెర మీద కత్తి లేవగానే నాకు ఆమె చెంబెత్తడమే కనిపిస్తుంది. ఆమె నీళ్లు తాగడం అయ్యేలోపు తెర మీద యుద్ధం ముగిసిపోతుంది.

టికెట్టు కొనుక్కున్నది మాత్రం నేను.