ఇప్పుడు పేలుద్ది!

ముర్తుజా మామకు ఒకటే జబ్బు. సినిమా తెర మీద ఏదన్నా ఢామ్మనబోతుంటే, అది ఢామ్మనక ముందే హాలంతటికీ చెప్పెయ్యాలి. "ఇప్పుడు పేలుద్ది! అందరూ కాచుకోండి!" అని లేచి నిలబడి మరీ అరుస్తాడు. అరిచాక పేలుతుంది. పేలాక కూర్చుంటాడు. మా గురజాల కుర్రాళ్లం చొక్కాలు చించుకుని తొలిరోజు టికెట్లు సంపాదించేది ఈయన నోటి నుంచి సినిమా వినడానికా, మీరే చెప్పండి.

మావి పక్కపక్క ఇళ్లు. నాది సెల్‌ఫోన్ కవర్లమ్మే కొట్టు. ఆయన సున్నపురాయి గనిలో పనిచేసి మానేశాడు. రాయి పేల్చే ముందు ఎర్రజెండా ఊపుకుంటూ చుట్టూ తిరిగి, "ఇప్పుడు పేలుద్ది!" అని కేకలెయ్యడమే ఆయన ఉద్యోగం. ఉద్యోగం పోయింది గానీ గొంతు పోలేదు. మిగిలిపోయిన కేకలన్నీ తెచ్చి మా సినిమా హాల్లో ఖర్చు పెడుతున్నాడు.

"నీకెట్టా తెలిసిపోద్ది మామా?" అని అడిగానొకసారి.

"సైన్సురా సాయీ!" అన్నాడు గంభీరంగా. ఆయన సైన్సంతా ఫోన్లో చూసే అరనిమిషం వీడియోలు. "మ్యూజిక్ ఆగింది చూడు. ఆగితే గాల్లో ప్రెజర్ పెరుగుద్ది. ప్రెజర్ పెరిగితే పేలక ఏం చేస్తది?"

"ప్రెజర్ నాకు పెరుగుతంది మామా. కూర్చో."

అంతరిక్షం సినిమా వచ్చింది. తెర మీద చీకట్లో రాకెట్ ఒక్కటే తేలుతోంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ముర్తుజా మామ లేచాడు. "ఇప్పుడు పేలుద్ది!"

నాకు ఒళ్లు మండింది. "అక్కడ గాలి లేదు. గాలి లేకపోతే శబ్దం రాదు. ఏడో తరగతి పిల్లలనడుగు, చెప్తారు!"

"శబ్దం రాదని నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ స్పీకర్లకు తెలియదుగా?"

స్పీకర్లకు నిజంగానే తెలియదు. హాలు అదిరిపోయింది.

దయ్యం సినిమాకి ఇంకా ఘోరం. "తలుపెనకాల ఉంది, అరవబోతంది, చెవులు మూసుకోండి" అన్నాడు. అందరూ బుద్ధిగా మూసుకున్నారు. పాపం ఆ దయ్యం జుట్టు విరబోసుకుని, గంట సేపు మేకప్ వేసుకుని వస్తే, భయపడ్డవాడు ఒక్కడు లేడు.

తమాషా ఏమిటంటే, అసలు చెప్పాల్సినవి మాత్రం చెప్పడు. హత్య సినిమాలో హంతకుడెవడో తెలియక జుట్టు పీక్కుని, ఇంటర్వెల్‌లో ఆయనకు మిరపకాయ బజ్జీలు తినిపించి మరీ బతిమాలాను. "అది నాకెందుకురా?" అని బజ్జీ తిని మూతి తుడుచుకున్నాడు. ఇదేం సైన్సో నాకర్థం కాలేదు.

సినిమాలతో పోతే బాగుండేది. మా చెల్లెలి పెళ్లిలో కూడా లేచి, "ఇప్పుడు మోగుద్ది!" అని కేకేశాడు. మేళగాళ్లు అదే సైగనుకుని గట్టిమేళం వాయించేశారు. జనం గబగబా అక్షింతలు వేసేశారు. పెళ్లికొడుకు చేతిలో తాళి అలాగే ఉంది! పురోహితుడు చూసిన చూపుకి నేను చచ్చిపోయాను. ముందు వరసలో సాజిదా అత్త పక్కన కూర్చున్న నాగమల్లేశ్వరక్క ఒక్కతే పడీపడీ నవ్వింది. సాజిదా అత్త అంటే మామ భార్య. నాగమల్లేశ్వరక్క ఆ గనిలోనే రాళ్లు మోసేది, ఇప్పుడు మిరపకాయల కొట్లో తొడిమలు తీస్తుంది. మహా సినిమా పిచ్చి.

మొన్న మా హీరో సినిమా విడుదలైంది. ఈసారి ఊరుకోదల్చుకోలేదు. కుర్రాళ్లమంతా వెళ్లి హాలు మేనేజర్ ధనుంజయరావుకి మొరపెట్టుకున్నాం. సాయంత్రం ఆటకి ఆయన గేటుకడ్డంగా నిలబడ్డాడు. "నువ్వు మాత్రం లోపలికి రావద్దయ్యా. నీతో వచ్చిన ఆడవాళ్లు వెళ్తే వెళ్లనీ."

"ఈ ఒక్క ఆటకి వదులు సారూ," మామ చేతులు పట్టుకున్నాడు. "మొదటి పాట అవగానే పెట్రోలు బంకు..."

"అదుగో! మళ్లీ కథ చెప్తన్నాడు!" అని మేమంతా గోల చేశాం.

సాజిదా అత్త, నాగమల్లేశ్వరక్క లోపలికెళ్లారు, మామ బయటుండిపోయాడు. ఆహా, ఏం ప్రశాంతత! పాట అయింది. పెట్రోలు బంకు పేలింది. మేం ఈలలు వేశాం. ముందు వరసలో నాగమల్లేశ్వరక్క మాత్రం కెవ్వుమని, చెవులు మూసుకుని ముడుచుకుపోయింది. వణుకు ఆగలేదు. సాజిదా అత్త పొదివి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది. నేనూ వెనకాలే పరిగెత్తాను.

సోడా కొట్టు దగ్గర అక్క నీళ్లు తాగుతూ, "నా వల్ల కాదొదినా. ఇంక జన్మలో సినిమాకి రాను" అంది. అంత సినిమా పిచ్చి మనిషి ఆ మాటంది!

మామ నన్ను పక్కకు లాగాడు. గనిలో ఒక రోజు, పేలకుండా మిగిలిపోయిన మందు అక్క తట్టతో పోతుంటే పేలిందట. దెబ్బ తగల్లేదు గానీ భయం లోపలికి పోయింది. "చెప్పి పేలిస్తే దానికేం గాదురా. చెప్పకపోతేనే."

"మరి సైన్సు?"

"నీ బొంద సైన్సు! పొద్దుటాట చూసొచ్చి చెప్తన్నా."

"మరి నాకు హంతకుడెవడో చెప్పవేం?"

"వాడు గొంతు పిసికాడుగా. శబ్దమేది?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఆమెకొక్కదానికే చెవిలో చెప్పొచ్చుగా? మమ్మల్నెందుకు చంపుతావ్?"

"దాని చెవిలో చెప్తే ఊరంతా దాన్నే చూసుద్ది. చానా పౌరుషం దానికి, ఇంక గడప దాటదు. హాలంతటికీ చెప్తే నన్ను తిడతారు. తిట్టుకోనీ."

ధనుంజయరావు మామకి మాత్రం గేటు తియ్యనన్నాడు. అక్క ఇంటికి పోతానంటోంది. ఈ లోపు ఇంటర్వెల్ కూడా అయిపోయి సెకండాఫ్ గంట మోగింది. మామ నా భుజాలు పట్టుకున్నాడు. "ఒరే సాయీ, హీరో కళ్లజోడు తీస్తే అరువు. లారీ వెనక్కొస్తే అరువు. పాప పుట్టినరోజుకి బెలూన్ పేలుద్ది, అది మర్చిపోతే నిన్ను చంపుతా."

సాజిదా అత్త ఎలాగో నచ్చచెప్పి అక్కను కూర్చోబెట్టింది. హీరో కళ్లజోడు మీద చెయ్యి వేశాడు. నేను లేచి అరిచాను. పక్కనున్న నా స్నేహితుడు నదీం నోరు తెరిచాడు. లారీకి అరిచాను. వెనక నుంచి తిట్లు, పాప్‌కార్న్ కలిసి వచ్చి పడ్డాయి. పుట్టినరోజు కేకు రాగానే గొంతు చించుకున్నాను. "బెలూన్ పేలుద్ది! అందరూ కాచుకోండి!"

హాలంతా గొల్లుమంది. టప్పుమంది బెలూన్. నాగమల్లేశ్వరక్క ఉలకలేదు. తాపీగా వెనక్కి తిరిగి, "ముర్తుజా అన్న పిచ్చి నీకూ అంటుకుందా తమ్ముడూ?" అని కడుపు పట్టుకుని నవ్వింది.

ధనుంజయరావు టార్చిలైటు నా మొహం మీద వేశాడు. "ఎవడ్రా నీకు ముందే చెప్పింది?"

"సైన్సు సార్" అన్నాను.