టీచరుగారి ‘ళ’

మా పక్కింటి టీచరుగారు మొన్న ఆదివారం పొద్దున్న పోయారు. చర్చిలో ప్రార్థన మొదలవబోతుంటే కబురొచ్చింది. ఎన్నో ఏళ్లు అక్కడ బైబిలు వాక్యం చదివింది ఆవిడే.

మా ఊరి బడిలో నాకు అక్షరాలు నేర్పిందీ ఆవిడే. ‘నీల్లు’ అంటే ఊరుకునేవారు కాదు. “నాలిక మడిచి పైకంటా పెట్టమ్మా, ళ! తప్పయినా పర్లేదు, పైకి చదువు. లోపల చదివితే దేవుడికి వినపడుద్ది, మరి నాకో?” అనేవారు.

కిందటేడు ఆవిడ నాలిక పక్కన చిన్న పుండు లేచింది. విరిగిన పన్ను ఒరుసుకుంటోందనుకున్నారు. “వేడి చేసిందండీ” అని తేల్చింది నేను. రోజూ మా చెట్టు బొండాం కొట్టించి ఇచ్చేదాన్ని. కోనసీమలో పుట్టినవాళ్లకి బొండాంతో తగ్గని జబ్బుంటుందని తోచదు. మూడు నెలలు అలాగే తాగించాను. చివరికి అమలాపురంలో పళ్ల డాక్టరు చూసి, ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్.

“మూడు వారాల్లో మానని పుండుని చూపించాలండీ. మొదట్లోనే వచ్చుంటే చిన్న ముక్కతో పోయేది” అన్నారు కాకినాడలో ఆపరేషన్ చేసిన డాక్టరుగారు. ఆయన నా వంక చూడలేదు. తల దించుకున్నది మాత్రం నేనే.

సగం నాలిక, మెడలో గడ్డలు తీసేశారు. తర్వాత ఆరు వారాలు కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. నోరెండిపోయింది, రుచి పోయింది. అన్నం మిక్సీలో వేసి జావ చేసి మింగేవారు. దానికేమీ బాధపడలేదు. మళ్లీ చర్చిలో చదవాలన్నదే ఆవిడ పట్టుదల. కాగితం, పెన్ను ఇస్తే పక్కకు తోసేసి, అద్దం ముందు కూర్చుని గుణింతాలు పలికేవారు. కొన్ని అక్షరాలు తిరిగొచ్చాయి. ‘ళ’ రాలేదు. ఈలోగా మెడలో మళ్లీ గడ్డ కట్టింది. ఇక చేసేదేమీ లేదన్నారు.

పోవడానికి నాలుగు రోజుల ముందు సాయంత్రం వెళ్లాను. నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నారు. అర్థం కాలేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మళ్లీ చెప్పారు. అప్పటికే ముఖం చెమటతో తడిసిపోయింది. మూడోసారి చెప్పమనడానికి నాకు నోరు రాలేదు.

“ఆయ్, అలాగేనండీ” అన్నాను. మావైపు ‘ఆయ్’ అంటే ఏ మాటకైనా సరిపోతుంది.

ఏం చేస్తానని మాటిచ్చానో నాకు తెలియదు. ఆవిడ మాత్రం నా చెయ్యి రెండుసార్లు తట్టి, నిశ్చింతగా గోడవైపు తిరిగి పడుకున్నారు.