రాజ్యశ్రీ అన్న ‘సరేనండీ’

పెడనలో రాజ్యశ్రీ వాళ్లింట్లో మగ్గం చప్పుడు తర్వాత ఎక్కువగా వినపడే మాట ‘సరేనండీ’. విజయవాడ వన్ టౌన్ నుంచి వచ్చిన బట్టల వ్యాపారి ధర తగ్గించమంటే వాళ్లమ్మ చౌడేశ్వరమ్మ గారు సరేనండీ అనేవారు. ధర మాత్రం తగ్గేది కాదు. మీరన్నది నా చెవిన పడింది అని దాని అర్థం. ఆ సంగతి వ్యాపారికీ తెలుసు. నవ్వి, అడిగినంతా ఇచ్చి వెళ్లేవాడు.

ఆ మాటతోనే రాజ్యశ్రీ విజయవాడ దగ్గర మా యూనివర్సిటీకి వచ్చింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో మా బ్యాచ్. అమ్మాయిల తరఫున యూనివర్సిటీ కమిటీలో ఒకరు కూర్చోవాలంటే, నెమ్మదస్తురాలు, గొడవ పడదులే అని డిపార్ట్‌మెంటు వాళ్లే ఆమెను పంపారు.

“భద్రత దృష్ట్యా ఆడపిల్లలకి ల్యాబ్ ఐదింటికి మూసేద్దామనుకుంటున్నాం. ఏమ్మా?” అన్నారు రిజిస్ట్రార్ వెంకటసుబ్బారావు గారు.

“సరేనండీ,” అంది రాజ్యశ్రీ. అసలు చెప్పాల్సింది కూడగట్టుకునేలోపే ఆయన వేరే విషయంలోకి వెళ్లిపోయారు. మర్నాడు మా అందరితో, “మీ ప్రతినిధే ఒప్పుకుంది. ఇంక నన్నడక్కండి,” అన్నారు.

తానన్నదానికి అర్థం అది కాదని చెప్పడానికి ఆమె ఆయన గదికి వెళ్లింది.

“ఆ మాత్రం నాకూ తెలుసమ్మా. నేనూ ఈ డెల్టాలో పుట్టినవాణ్ణే,” అని నవ్వారాయన.

ఆ నవ్వును ఆమె క్షమించలేదు.

అందరిలోకీ ఎక్కువ నష్టపోయింది ఆమే. ఆమె ప్రాజెక్టులో రసాయన చర్య పూర్తి కావాలంటే పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఫ్లాస్కు వేడి మీద ఉండాలి. మధ్యలో ఆపితే అడుగున నల్లటి జిగురు మిగిలేది. చివరికి వదులుకుంది. అదే పనిని, ఐదింటి అడ్డు లేని మా క్లాసు అబ్బాయి చక్రి పూర్తిచేసి తన పేరు మీద పేపరు వేసుకున్నాడు. పైగా మెస్‌లో మా బ్యాచ్ వినీల ఎగతాళి: “అదుగో సరేనండీ వచ్చింది. కంచాలు దాచుకోండే, ఎవరడిగినా ఇచ్చేస్తుంది.”

వినీలతో పాటు రాజ్యశ్రీ కూడా పీహెచ్‌డీకి అక్కడే ఉండిపోయింది. ప్రతినిధుల్ని విద్యార్థులే ఎన్నుకోవాలి, వాళ్లకి ఓటుండాలి, ప్రతి నిర్ణయానికీ చేతులెత్తించాలి అని హాస్టల్లో గది గదికీ తిరిగింది. “అప్పటిదాకా ఆయన దగ్గర ఎవరూ సరేనండీ అనొద్దు. విన్నామండీ అనండి, చాలు,” అని నేర్పింది.

ఓసారి బయటి నుంచి తనిఖీ బృందం వచ్చింది. విద్యార్థులకి నిర్ణయాల్లో భాగం ఉందా అని అడిగారు.

“అన్నీ చెప్పే చేస్తామండీ. ఏమ్మా, ల్యాబ్ టైమింగ్స్ మీకు చెప్పే కదా పెట్టాం?” అన్నారు రిజిస్ట్రార్.

“విన్నామండీ,” అంది హాలంతా. అందరికన్నా పెద్దగొంతు వినీలది.

“ఒప్పుకున్నారా?” అన్నాడు బృందంలో ఒకాయన.

“మమ్మల్ని అడిగితే కదండీ,” అంది వినీల.

ఆ బృందం రిపోర్టుతో ఆ ఏడే కొత్త నియమాలొచ్చాయి. ఎన్నికలు, ఓట్లు, చేతులెత్తడం. ల్యాబ్ తలుపులూ తెరుచుకున్నాయి. ఇక ఆగమని, ఎమ్మెస్సీ అవగానే పెళ్లై వెళ్లిపోయిన నేను ఫోన్లో బతిమాలాను. అప్పుడు మా పాప పొత్తిళ్లలో ఉంది, నాకు ప్రతిదానికీ భయమే. థీసిస్ ఆయన చేతిలో ఉందే అన్నాను. “విన్నాను,” అంది.

డాక్టరేటు చేతికొచ్చేదాకా ఆగలేదు కూడా. ఆయన రిటైరయ్యే నెలలో, అమ్మాయిల కోసం కట్టిన కొత్త ల్యాబ్‌కి ఆయన పేరు పెట్టాలని ప్రతిపాదన వచ్చింది.

“ఏకగ్రీవమే కదా,” అన్నారు వైస్ ఛాన్సలర్.

“చేతులెత్తించండి సార్,” అంది రాజ్యశ్రీ. రీసెర్చ్ స్కాలర్లు ఎన్నుకున్న సభ్యురాలు ఆమే.

విద్యార్థులెవరూ ఎత్తలేదు. ఆయన చేతిలో దెబ్బతిన్న లెక్చరర్లూ ఎత్తలేదు. ఎత్తిన కొందరు పక్కకి చూసి దించేశారు. ఆయన అక్కడే కూర్చుని అంతా చూశారు.

తర్వాత వరండాలో ఆమెను ఆపారు. “పోయేవాడి మీద ఇంత పగా అమ్మా? నువ్వంటే వాళ్లు వింటారు. వచ్చే మీటింగ్‌లో నువ్వే మళ్లీ పెట్టించు.”

రాజ్యశ్రీ రెండు చేతులూ జోడించింది. “సరేనండీ.”

ఆయన మొహం ఒక్కక్షణం వెలిగింది. ఆ తర్వాత, తనూ ఈ డెల్టాలో పుట్టినవాణ్ణేనని ఆయనకి గుర్తొచ్చింది.