పర్వతాలు కాక ఆరో కార్డు

నాకు కోపం ఎక్కువ. ఆటలో రూలు తప్పితే మా అమ్మనైనా లేచి పొమ్మంటాను. అలాంటి నేను ఒక మనిషి ఎదురుగా పాచికలు చేతిలో పట్టుకుని వేయలేక కూర్చున్నాను. ఆ మనిషి పేరు పర్వతాలు.

మేముండేది చౌటుప్పల్‌లో. మందుల కంపెనీ ల్యాబులో నా ఉద్యోగం. ఆదివారం మధ్యాహ్నాలు నా కిరాయి గదిలో అందరం కలిసి ఒక ఆట ఆడతాం. నేను కథ చెబుతుంటాను, మిగతావాళ్లు తలా ఒక వేషం కట్టినట్టు అందులోని మనుషులవుతారు. గిరి కత్తివీరుడు, నాగరాణి దొంగ, ఇంకో ఇద్దరు విలుకాళ్లు, ఒకరు మాంత్రికుడు. ఏం చేయాలో వాళ్లు చెబుతారు, అది సాగిందో లేదో పాచికలు చెబుతాయి. రెండేళ్ల కింద మా మాంత్రికుడు అమరేందర్ బదిలీ మీద వెళ్లిపోయాడు. పక్క పోర్షన్‌లో ఉండే పర్వతాలు కాక అప్పటికి నెల రోజులుగా మా గడపలో కూర్చుని ఆట చూస్తున్నాడు. "ఆ జాగల నేను కూసోనా బిడ్డా?" అన్నాడు.

కాకకు యాభై దాటాయి. మా కంపెనీలోనే బాయిలర్ దగ్గర పని. అంతకు ముందు మక్తల్ దిక్కు గొర్రెల కాపరి. 2017లో ఒక పొద్దున ముందు నడుస్తున్న పొట్టేలు దేనికో బెదిరి రాళ్ల క్వారీలోకి దూకింది. దాని వెనక నలభై మూడు గొర్రెలు ఒకదాని వెంట ఒకటి దూకాయి. కాక మంద వెనకాల ఉన్నాడు. ఉరికొచ్చేసరికి అంతా అయిపోయింది. మిగిలినవి అన్నకు అప్పజెప్పి ఇటు వచ్చేశాడు.

ఇదంతా మాకు చెప్పి, "నాదొక్కటే షరతు. పొద్దుగాల నాతోని బయలెల్లినోళ్లల్ల ఒక్కరు గూడ తగ్గొద్దు," అన్నాడు.

గిరి నవ్వాడు. చావులు లేకపోతే వాడికి ఆట ఆడినట్టే ఉండదు.

మాంత్రికుడి పుస్తకంలో ఇరవై మంత్రాలున్నాయి. కానీ పొద్దున లేచి ఆరింటినే తలకెక్కించుకోగలడు. ఒకసారి వాడినది మళ్లీ పడుకుని లేచేదాకా రాదు. అమరేందర్ ఆరింటిలో నాలుగు మంట మంత్రాలే పెట్టుకుని, ఎదురైన ప్రతి పురుగు మీదా తగలేసి, అసలు ఆపద వచ్చేసరికి చేతులు నలుపుకుంటూ నిలబడేవాడు. కాకకు ఇంగ్లీషు రాదు. అందుకని మంత్రాలన్నీ అట్టముక్కల మీద తెలుగులో రాసిచ్చాను. ఆట మొదలయ్యే ముందు ఆ ఇరవై కార్డులూ నేల మీద పరిచి నన్ను అడిగేవాడు.

"తొవ్వ ఎక్కుడా, దిగుడా? నీళ్లేడ దొరుకుతయి? గాలి ఎటు కొడుతాంది?"

కథ చెప్పేది నేనే, నాకే తెలియదు! ఒళ్లు మండేది. వచ్చే వారానికల్లా దారులూ వాగులూ గీసిన పటాలతో తయారయ్యేదాన్ని.

జవాబులు విని ఆరు కార్డులు ఏరి జేబులో పెట్టుకునేవాడు. వాడింది టీ గ్లాసు కింద బోర్లా పెట్టేవాడు. ఆ వాడకం చూసి తీరాలి. ఒకసారి పన్నెండు తోడేళ్లు చుట్టుముట్టాయి. "మంట వెయ్ కాకా!" అని గిరి అరిచాడు. "సంపుడెందుకురా? మళ్లిస్తే సాలు," అని కాక పొగమంచు కమ్మించి, మనుషుల వాసన వాటికి తగలని దిక్కున అందరినీ నడిపించుకుపోయాడు. ఒక్క మంత్రం! తాళం కనిపిస్తే నాగరాణిని పిలిచేవాడు. మనిషి చేయగలిగే పనికి మంత్రమెందుకని అడిగేవాడు. ఆట ముగిసేసరికి జేబులో ఒకటో రెండో మిగిలేవి. "పిసినారి కాకా!" అని నాగరాణి ఏడిపించేది. నేనైతే నోరెళ్లబెట్టి చూసేదాన్ని. ఇన్నేళ్లుగా ఆడిస్తున్నాను, ఇలాంటి మాంత్రికుడు నాకు తగల్లేదు.

మొదటి వారమే తనకొక గొర్రె కావాలన్నాడు. పోనీలే అని ఇచ్చాను. టేబుల్ మీద మనుషులకు సీసా మూతలు, గొర్రెకు చింతగింజ. ఎక్కడికి వెళ్లినా కాక మూత అందరికంటే ముందు, దాని వెనకే చింతగింజ. ఇక ఆరో కార్డు ఎప్పుడూ ఒకటే. పడిపోతున్నవాళ్లను ఈకలాగా మెల్లగా దించే మంత్రం. పడుతున్న క్షణంలోనే వేయాలి, ఐదు ప్రాణాలకే పనిచేస్తుంది. రెండేళ్లలో ఒక్కసారి కూడా అక్కరకు రాలేదు. అయినా ఆ కార్డు జోలికి మాత్రం గిరి కూడా పోలేదు.

మొన్న ఎండాకాలంలో లోయ మీద రాతి వంతెన వచ్చింది. ముందు కాక, వెనక గొర్రె, ఆ వెనక నలుగురు. సగం దాటాక పాచిక వేశాను. వంతెన విరిగింది. కింద అరవై అడుగుల లోతు.

"కాకా, కార్డు!" నలుగురూ ఒక్కసారే అరిచారు.

అంచులు నలిగిపోయిన ఆ అట్టముక్క తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఐదు ప్రాణాలే కాకా," అన్నాను. "పడుతున్నయి ఆరు."

కాక రెప్ప వేయలేదు. నాలుగు మూతల మీద వరసగా వేలు పెట్టాడు. ఐదోసారి చింతగింజ మీద పెట్టాడు.

గిరి లేచి నిలబడ్డాడు. "పాగల్ అయినవా? గొర్రె కోసం నువ్వు సస్తవా కాకా?"

"ముంగట నేను నడిచిన గదరా. నేను అడుగేసిన కాడనే అది అడుగేసింది. దాని తప్పేమున్నది?"

పడే ప్రతి పది అడుగులకూ ఒకటి చొప్పున ఆరు పాచికలు చేతిలోకి తీసుకున్నాను. మాంత్రికుడి ఒంట్లో ఉన్న బలం పద్దెనిమిది. పాచికల మొత్తం అంతకు చేరితే అతను ఇక లేడు.

"ఈ ఒక్కసారికి రూలు పక్కకు పెడుదాం కాకా," అన్నాను. నేనే అన్నాను!

"వెయ్యి బిడ్డా. రూలంటే రూలే."

ఏడుస్తూనే వేశాను. ఇరవై మూడు.

కాక తన మూత తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత ముందుకు వంగి, "అందరు దిగిన్రా?" అని అడిగాడు.

"దిగిన్రు కాకా."

"గొర్రె?"

"అది గూడ దిగింది. గడ్డి మేస్తాంది."

మూతలను, చింతగింజను వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. ఐదు. నమ్మకం కుదరనట్టు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"ఒక్కటి గూడ తగ్గలే," అని నవ్వి, చల్లారిపోయిన టీ తాగేశాడు.